మెయిల్స్ విద్యార్థులకు చేరడం లేదు, పైగా వాళ్ల పేర్లే లిస్టుల్లోంచి పోతున్నాయి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
నమస్కారం.

మా యూనివర్సిటీ పరీక్షల విభాగం, హాస్టళ్లు, రీసెర్చ్ స్కాలర్లు, పూర్వ విద్యార్థులు, అందరి మెయిలింగ్ లిస్టులూ మీ సర్వీసు మీదే నడుస్తున్నాయి. ఈ సెమిస్టర్ పరీక్ష ఫీజు ఆఖరి తేదీ గురించి పరీక్షల విభాగం పంపిన మెయిల్ అఫిలియేటెడ్ కాలేజీల్లో చాలామంది పిల్లలకు అందలేదు. వాళ్లంతా అపరాధ రుసుముతో ఫీజు కట్టాల్సి వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుకుంటున్న పిల్లలకు అది చిన్న మొత్తం కాదు. మీ డ్యాష్‌బోర్డులో మాత్రం ఆ మెయిల్ పక్కన పచ్చ రంగులో ‘డెలివర్డ్’ అనే ఉంది.

స్పామ్ ఫోల్డర్ చూసుకోమని విద్యార్థులకు చెప్పండి అన్నారు మీ సపోర్ట్ వాళ్లు. అసలు జీమెయిల్ గడపే దాటని మెయిల్ స్పామ్‌లో ఎలా ఉంటుంది? పట్టుబట్టి తెప్పించుకున్న బౌన్స్ లాగ్‌లో, అంటే తిరిగొచ్చిన మెయిల్స్ చిట్టాలో, వరుసగా ఒకటే కోడ్ కనిపించింది: 550 5.7.26. పంపినవాళ్ల డొమైన్ డీమార్క్ పాలసీ (ఆ డొమైన్ పేరుతో వచ్చే మెయిల్ అసలుదని తేలకపోతే ఏం చేయాలో చెప్పే నియమం) ప్రకారం ఈ మెయిల్ తీసుకోవడం లేదని దాని పక్కనే రాసి ఉంది.

మా పేరుతో దొంగ మెయిల్స్ వెళ్తున్నాయని యూనివర్సిటీ డొమైన్‌కు డీమార్క్‌ను ‘రిజెక్ట్’కు, అంటే అసలుదని తేలని మెయిల్‌ను తిప్పికొట్టమని, మార్చాం. ఆ సంగతి మీకు ముందే రాశాం. మెయిల్ మా దగ్గర్నుంచే వచ్చిందని, దారిలో మారలేదని చూపే డీకిమ్ అనే డిజిటల్ సంతకం పెట్టి మా సర్వర్ ప్రతి మెయిల్‌నూ పంపుతుంది. మీ సర్వర్ దాన్ని అందుకుని సబ్జెక్ట్ ముందు లిస్టు పేరు, అడుగున మీ కంపెనీ పేరుతో ఫుటర్ చేరుస్తుంది. అలా మార్చేసరికి సంతకం చెల్లకుండా పోతుంది. ‘ఫ్రమ్’లో మాత్రం మా అడ్రస్సే ఉంటుంది కాబట్టి జీమెయిల్ దాన్ని నకిలీ మెయిల్‌గా చూసి తిప్పికొడుతోంది. అందులో జీమెయిల్ తప్పేమీ లేదు, మేం పెట్టుకున్న నియమాన్నే పాటిస్తోంది.

ఇంతకన్నా బాధ కలిగించే విషయం మరొకటి ఉంది. అలా తిరిగొచ్చిన ప్రతి మెయిల్‌నూ మీ సిస్టమ్ విద్యార్థి అడ్రస్‌లోని లోపంగా లెక్కేసింది. కొన్ని బౌన్సులు కాగానే ఆ అడ్రస్ పనిచేయడం లేదని తేల్చేసి, అన్ని లిస్టులకూ డెలివరీ ఆపేసింది. ఆ తర్వాత వాళ్లకు హాస్టల్ నోటీసులు లేవు, ఫెలోషిప్ సమాచారం లేదు. ఒక రీసెర్చ్ స్కాలర్ ఆఫీసుకు వచ్చి ఫోన్ చూపించింది. అదే అడ్రస్‌కు బ్యాంకు నుంచి, గైడ్ దగ్గర్నుంచి మెయిల్స్ చక్కగా వస్తున్నాయి. మీ దగ్గర ఆ అమ్మాయి పేరు ఎదురుగా ‘ఇన్‌వాలిడ్’ అని ఉంది.

ఇదేమీ కొత్తగా పుట్టిన సమస్య కాదు. 2014 ఏప్రిల్‌లో యాహూ తన డొమైన్‌కు రిజెక్ట్ పెట్టినప్పుడు ఎక్కడెక్కడి మెయిలింగ్ లిస్టులూ ఇలాగే దెబ్బతిన్నాయి. మెయిల్ రాసింది యాహూ వాడేవాళ్లు, లిస్టులోంచి పోయింది జీమెయిల్ సభ్యులు. అదే ఏడాది మెయిల్‌మ్యాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దీనికి సెట్టింగ్ వచ్చింది. ‘ఫ్రమ్’లో లిస్టు అడ్రస్, ‘రిప్లై టు’లో రాసినవాళ్ల అడ్రస్ పెడుతుంది, అంతే. ఏటా డబ్బు కట్టే మాకు మీరు అది ఇవ్వకపోవడం ఏమాత్రం సమంజసం కాదు.

మా లిస్టులన్నింటికీ వెంటనే ఆ సెట్టింగ్ పెట్టండి. అది అయ్యేదాకా సబ్జెక్ట్ ట్యాగ్, ఫుటర్ తీసేయండి. లిస్టు నుంచి తప్పుకునే లింకును హెడర్‌లో, అంటే మెయిల్‌తో పాటు వెళ్లే సాంకేతిక వివరాల్లో, పెట్టండి. పెద్ద ఎత్తున మెయిల్స్ పంపేవాళ్లను 2024 నుంచి జీమెయిల్, యాహూ అడుగుతున్నవాటిలో అదీ ఒకటి. డీమార్క్ కారణంగా ఆగిపోయిన అడ్రస్‌లన్నిటినీ మీరే తిరిగి చేర్చాలి, విద్యార్థులను మళ్లీ నమోదు చేసుకోమనొద్దు. నిజంగా మూతపడిన అడ్రస్‌ల జోలికి మాత్రం వెళ్లకండి, వాటికి పంపుతూ పోతే చెడ్డపేరు మా డొమైన్‌కే వస్తుంది. బౌన్స్ లాగ్‌లు అడగకుండానే మాకు కనిపించాలి.

అపరాధ రుసుము వాపసు ఇవ్వాలని విద్యార్థులు పరీక్షల విభాగానికి అర్జీలు పెట్టుకున్నారు. మెయిల్ ఎవరెవరికి చేరలేదో మీరు లిఖితపూర్వకంగా ధ్రువీకరిస్తేనే ఆ అర్జీలు కదులుతాయి. ఆ పత్రం ఈ వారంలోనే పంపండి. మీ కాంట్రాక్ట్ రెన్యువల్ ఫైలు రిజిస్ట్రార్ గారి దగ్గరకు వెళ్లేటప్పుడు ఈ లేఖ, దీనికి మీరిచ్చే జవాబు రెండూ అందులో ఉంటాయి.

ఇట్లు,
మెయిలింగ్ లిస్టుల నిర్వాహకుడు,
యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్