ఇంటర్ పిల్లలకు ఈ చదువుల గురించి ఎవరు చెబుతారు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటర్ ఫలితాల తరువాత విద్యా పేజీలలో ఇంజినీరింగ్, వైద్యం, న్యాయం, వాణిజ్యం కోర్సుల వివరాలు పుంఖానుపుంఖాలుగా వస్తుండగా, భాషాశాస్త్రం, తులనాత్మక సాహిత్యం అనే చదువుల ఊసైనా ఉండకపోవడం తెలుగు అధ్యాపకురాలిగా నన్ను బాధిస్తున్నది. ఈ రెండింటినీ చదవడానికి మన హైదరాబాద్ పిల్లలు ఊరు దాటనక్కరలేదు. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖ ఉంది. గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్రానికి, అనువాద అధ్యయనాలకు కలిపి ఒక కేంద్రం, తులనాత్మక సాహిత్యానికి మరొకటి ఉన్నాయి. తార్నాకలో ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) ఉంది. ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత పరిశోధన చాలా ఏళ్లుగా సాగుతున్నది. 2003లో వెలువడి, ద్రావిడ భాషల అధ్యయనంలో నేటికీ ప్రామాణికంగా నిలిచిన గ్రంథాన్ని రచించిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఉస్మానియాలో ఆచార్యులుగా, ఆపై కేంద్రీయ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసింది ఈ నగరంలోనే.

భాషాశాస్త్రమంటే నాలుగైదు భాషలు మాట్లాడటం నేర్పే చదువని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆదిలాబాద్ ప్రాంతపు గిరిజన భాష కొలామీ మాట్లాడే పెద్దాయన ఎదుట కూర్చున్న విద్యార్థి ఒకే వాక్యాన్ని నేను, నువ్వు, ఆమె, వాళ్లు అని మార్చి మార్చి అడిగి, క్రియ చివర ఏ ధ్వని మారిందో ధ్వని లిపిలో రాసుకుని, ఆ మార్పుల వెనుక ఉన్న నియమాన్ని తానే పట్టుకుంటాడు. గోండీ, కొలామీ, కోయ పిల్లలకు వారి భాషలో వాచకాలు తయారు చేయాలంటే ఇలాంటి శిక్షణ పొందినవారే కావాలి.

తులనాత్మక సాహిత్యం పని వేరు. పాల్కురికి సోమనాథుని తెలుగు బసవపురాణం ఆధారంగా భీమకవి 1369లో కన్నడ బసవపురాణం రచించాడు. ఒక భక్తి ఉద్యమం రెండు భాషలలో రెండు రూపాలు ఎలా ధరించిందో, దేనిని నిలుపుకొని దేనిని వదులుకున్నదో తెలియాలంటే రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. అలా చదవడంలో ఆరితేరినవారి అవసరం అనువాద, ప్రచురణ రంగాలకు ఎప్పుడూ ఉంటుంది.

"ఇది చదివితే ఉద్యోగం వస్తుందా మేడమ్?" అన్న తల్లిదండ్రుల ప్రశ్న న్యాయమైనదే, దానికి దాపరికం లేని జవాబు చెప్పాలి. ఈ రెండు విషయాలలోనూ అధ్యాపక అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్ ఉన్నప్పటికీ, అధ్యాపక పోస్టులు పరిమితమే. మాటను అక్షరంగా మార్చే, ఒక భాషను మరో భాషలోకి తెచ్చే యంత్రాల తయారీలో మాత్రం భాషాశాస్త్రజ్ఞులకు చోటుంది, అయితే కొంత ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకోవాలి. 2022లో కేంద్రం ప్రారంభించిన భారతీయ భాషల అనువాద పథకం భాషిణి వంటివి ఆధారపడేదీ ఈ పనిమీదే. మాటలోని లోపాలను సరిచేసే వాక్‌చికిత్సకు (స్పీచ్ థెరపీకి) మాత్రం విడిగా పట్టా కావాలి. భాషాశాస్త్రం ఎం.ఏ.తో ఆ వృత్తిలోకి వెళ్లవచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

కనుక ప్రవేశాల కాలంలో ఈ విభాగాల అర్హతలను, ప్రవేశ పరీక్షలను, ఫీజులను మీ విద్యా పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. జూనియర్ కళాశాలలు ఏడాదికి ఒక్కసారైనా ఈ శాఖల ఆచార్యులను పిలిపించి పిల్లలతో మాట్లాడించాలి. గిరిజన భాషల వాచకాల తయారీలో భాషాశాస్త్ర పట్టభద్రులకు రాష్ట్ర ప్రభుత్వం శాశ్వత పోస్టులు మంజూరు చేయాలి.

భవదీయురాలు,
ఒక జూనియర్ కళాశాల తెలుగు అధ్యాపకురాలు,
హబ్సిగూడ, హైదరాబాద్