షుగర్ బుక్కు లేని మా అమ్మాయికీ మెట్‌ఫార్మిన్ గోలీ ఇప్పించండి

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు నుంచి ఒక తల్లి రాసుకుంటున్న లేఖ ఇది.

మా అమ్మాయికి 19 ఏళ్ళు, డిగ్రీ చదువుతోంది. రెండేళ్ళుగా నెలసరి సరిగా రాదు. ఒక్కోసారి మూడు నెలలు దాటిపోతుంది. మెడ చుట్టూ నల్లగా, మందంగా అయింది. మట్టి అనుకుని సున్నిపిండితో రుద్ది రుద్ది నేనే దాన్ని ఏడిపించాను. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే అలా నలుపు వస్తుందని డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.

పీసీఓఎస్ అన్నారు, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య. ఇన్సులిన్ పని సరిగా జరగక ఒళ్ళు దాన్ని ఇంకా ఎక్కువ తయారు చేస్తుందట. ఆ ఎక్కువైన ఇన్సులిన్ వల్ల అండాశయాల్లో మగ హార్మోన్లు పెరిగి నెలసరి తప్పుతుంది, గడ్డం కింద వెంట్రుకలు వస్తాయి. తిండి మార్చుకోమని, రోజూ నడవమని చెప్పి, షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ 500 గోలీ రాశారు.

ఆ చీటీ పట్టుకుని ఒక సర్కారు దవాఖానకు వెళ్ళాం. "షుగర్ ఉందా? బుక్కు ఏది?" అని అడిగారు. షుగర్ లేదన్నాం. అయితే ఇవ్వడం కుదరదన్నారు. అదే కిటికీ దగ్గర మా అత్తమ్మ ప్రతి నెలా అదే గోలీ ఉచితంగా తెచ్చుకుంటుంది. మనవరాలి ముఖం చూడలేక తన గోలీల్లోంచి పది తీసి ఇచ్చింది. పెద్దామెకు షుగర్ పెరుగుతుందని నాకు టెన్షన్. వద్దనడానికీ నోరు రాలేదు.

ఈ మందుకు అనుమతి ఉన్నది షుగర్ జబ్బుకే అన్న మాట నిజమే. కానీ పీసీఓఎస్‌కు కూడా దీన్ని వాడవచ్చని 2023లో వచ్చిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెప్తున్నాయి. డాక్టర్లు ఎన్నో ఏళ్ళుగా రాస్తూనే ఉన్నారు. అందరికీ ఇదే మందు అని నేను అనడం లేదు, ఎవరికి కావాలో డాక్టరే చూడాలి. రాసిన తర్వాత కిటికీ దగ్గర ఆపవద్దు, అంతే నేను అడిగేది.

ఇంకొకటి కూడా చెప్పాలి. షుగర్ గోలీ అన్న పేరే మా ఇళ్ళల్లో పెద్ద భయం. పెండ్లి కావాల్సిన పిల్ల అని మేం ఆ గోలీల షీట్‌ను బియ్యం డబ్బాలో దాచాం. ఇది వేసుకుంటే షుగర్ జబ్బు వచ్చినట్టు కాదని ఇచ్చేటప్పుడే ఎవరైనా చెప్తే చాలు. మొదట్లో కడుపులో తిప్పుతుంది, విరేచనాలు అవుతాయి, అన్నం తిన్నాకే వేసుకోవాలి, చిన్న మోతాదుతో మొదలుపెట్టాలి అని కూడా చెప్పాలి. మా అమ్మాయి పరగడుపున వేసుకుని, వాంతులై, వారం మానేసింది. ఏళ్ళ తరబడి వాడితే ఒంట్లో బీ12 విటమిన్ తగ్గవచ్చు, ఆ పరీక్షా ఉండాలి. పెండ్లయిన వాళ్ళకైతే అండం మళ్ళీ విడుదలై గర్భం రావచ్చని ముందే తెలియాలి.

2023 మార్చిలో సర్కారు దవాఖానల్లో ఆరోగ్య మహిళ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మంగళవారం ఆడవాళ్ళ కోసమే అన్నారు, నెలసరి సమస్యలూ అందులో చేర్చారు. ఆ మంగళవారాల్లోనే పీసీఓఎస్ పిల్లలను చూసి, అవసరమైన వారికి మెట్‌ఫార్మిన్ ఇవ్వమని ఒక ఆదేశం పంపండి. మా అత్తమ్మ, మా అమ్మాయి ఒకే లైన్లో నిలబడి ఎవరి గోలీలు వాళ్ళు తెచ్చుకుంటారు.

ఇట్లు,
దేవరకొండ ప్రాంతపు ఒక తల్లి