నీళ్ళ వేడి చూడకుండా హీట్ ఎక్స్ఛేంజర్ కొనకు

హ్యూస్టన్
ఆదివారం పొద్దున

ఒరేయ్ శీనూ,

నీ మెయిల్ చూశాను. 2003 కోబ్రా మస్టాంగ్ కారు కొన్నావు, పాత ఓనరు బ్లోయర్ (ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా తోసే సూపర్‌చార్జర్) మీది పుల్లీ మార్చి 2.8 అంగుళాలది బిగించి పెట్టాడు, డాలస్ ఎండలో మొదటిసారి తొక్కితే ఎగిరి దూకే బండి మూడోసారికి నీరుగారిపోతోంది. ఏ హీట్ ఎక్స్ఛేంజర్ కొనాలో ఒక్క ముక్కలో చెప్పమన్నావు. ఒక్క ముక్కలో అయితే ఇదీ: ఇప్పుడే కొనకు, ముందు నీళ్ళ వేడి కొలువు. ఎందుకో, ఎలాగో చెప్పాలంటే మాత్రం కాస్త పొడుగవుతుంది. టీ కలుపుకుని కూర్చో.

నీ బండిలో 4.6 లీటర్ల ఇంజన్ నెత్తి మీద ఈటన్ ఎం112 బ్లోయర్ ఉంది. దాని కింద, ఇన్‌టేక్ మానిఫోల్డ్ పొట్టలో ఇంటర్‌కూలర్ ఉంటుంది. అందులో తిరిగే నీళ్ళకీ ఇంజన్ రేడియేటర్ నీళ్ళకీ సంబంధం లేదు. వీటి ట్యాంకు వేరు, కరెంటు పంపు వేరు, బంపర్ వెనకాల ఏసీ కండెన్సర్‌కి ముందు నిలబెట్టిన చిన్న రేడియేటర్ వేరు. ఆ చిన్న రేడియేటరే హీట్ ఎక్స్ఛేంజర్. చాలామంది రెండింటినీ కలిపి ఇంటర్‌కూలర్ అనేస్తారు. తప్పు సామాను కొనడం అక్కడే మొదలవుతుంది.

పసిపిల్లకి పాలు చల్లార్చాలంటే గిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెడతారు కదా. గిన్నె ఇంటర్‌కూలర్, పాలు బ్లోయర్ వదిలే వేడి గాలి అనుకో. పళ్ళెంలో నీళ్ళు వేడెక్కాక ఇక పాలు చల్లారవు, నీళ్ళు మార్చాలి. ఆ మార్చే పని హీట్ ఎక్స్ఛేంజర్‌ది, మోసే పని పంపుది. ఇంకొకటి గుర్తుపెట్టుకో. హీట్ ఎక్స్ఛేంజర్ మట్టికుండ కాదు. బయట 38 డిగ్రీలుంటే ఎంత ఖరీదైనది పెట్టినా నీళ్ళు 38కి దిగవు. ఫారెన్‌హీట్ నాకు ఒంటబట్టలేదు, అన్నీ సెల్సియస్‌లోనే రాస్తున్నా.

ఇప్పుడు ఆ పుల్లీ ఏం చేసిందో చూడు. కింద క్రాంక్ పుల్లీ 7.5 అంగుళాలు. ఫ్యాక్టరీ పైపుల్లీ 3.65తో ఇంజన్ 6,500 చుట్లు తిరిగితే బ్లోయర్ దాదాపు 13,350 తిరుగుతుంది. 2.8తో అదే బ్లోయర్ 17,400 తిరుగుతోంది. బూస్ట్, అంటే బ్లోయర్ తోసే గాలి ఒత్తిడి, 8 పీఎస్‌ఐ నుంచి దాదాపు 14కి ఎక్కుతుంది. రూట్స్ రకం బ్లోయర్ సామర్థ్యం సగానికి కొంచెం అటూ ఇటూ అనుకుని లెక్క వేస్తే, 35 డిగ్రీల గాలి 8 పీఎస్‌ఐ దగ్గర 110 డిగ్రీలై బయటికొస్తుంది. 14 దగ్గర 165. ఆ గాలిని 65కి దించాలంటే దాదాపు 38 కిలోవాట్ల వేడి లాగాలి. మన ఇళ్ళలో గీజరు 2 కిలోవాట్లు. అలాంటివి పంతొమ్మిది ఒకేసారి ఆన్ చేసి ఆ కాసిని నీళ్ళ మీద పెట్టినట్టు. సర్క్యూట్ మొత్తంలో నాలుగు లీటర్లున్నాయనుకుంటే, పన్నెండు సెకన్లు పూర్తిగా తొక్కితే చాలు, వేడి బయటికి పోయే దారి లేకపోతే నీళ్ళు దాదాపు 30 డిగ్రీలు ఎక్కేస్తాయి. మొదటిసారి బాగుండి మూడోసారికి పడిపోవడానికి కారణం ఇదే. మానిఫోల్డ్‌లోని ఐఏటీ2 సెన్సర్ (ఇంటర్‌కూలర్ దాటిన గాలి వేడి కొలిచేది) వేడి చూసి కంప్యూటర్ స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగి బలం తగ్గించేస్తుంది. అది ఇంజన్ని కాపాడుకుంటోంది, తిట్టుకోకు.

అయితే వేడి ఎక్కడ ఆగిపోతోందో మూడు చోట్ల చూడాలి. ఇంటర్‌కూలర్ నుంచి బయటికొచ్చే నీళ్ళు, హీట్ ఎక్స్ఛేంజర్ నుంచి బయటికొచ్చే నీళ్ళు, ఐఏటీ2. మొదటి రెండింటికీ వైరు చివర సెన్సర్ ఉండే చవక థర్మామీటర్లు రెండు కొని, లోహపు గొట్టం మీద సెన్సర్ ఆనించి, పైన ఫోమ్ చుట్టి టేపు వెయ్యి. ఐఏటీ2 స్కాన్ టూల్‌లో వస్తుంది. తుపాకీలా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని మెరిసే అల్యూమినియం మీద గురిపెట్టకు, అబద్ధం చెబుతుంది. గొట్టం మీద నల్ల ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించి దాని మీద చూడు.

హైవే మీద 60 మైళ్ళ వేగంతో పది నిమిషాలు నిమ్మళంగా పో. హీట్ ఎక్స్ఛేంజర్ నుంచి వచ్చే నీళ్ళు బయటి గాలికన్నా ఐదారు డిగ్రీలే ఎక్కువుంటే అది తన పని చేస్తున్నట్టు. అంత నెమ్మదిగా పోతున్నా పదిహేను ఎక్కువుందంటే దానికి గాలి తగలట్లేదు, లేదా అది చాలట్లేదు. తర్వాత ఎక్కడైనా ట్రాక్ మీద ఒకసారి పూర్తిగా తొక్కు. రోడ్డు మీద మాత్రం వద్దు, చెల్లెమ్మ నన్ను తిడుతుంది. అప్పుడు రెండు నీళ్ళ వేడికీ మధ్య తేడా బాగా పెరిగిపోతే నీళ్ళు నెమ్మదిగా కదులుతున్నట్టు, అంటే పంపు సంగతి చూడాలి. నీళ్ళు రెండు చోట్లా చల్లగానే ఉండి ఐఏటీ2 మాత్రం ఎక్కితే తప్పు ఇంటర్‌కూలర్‌లో, లేదా అందులో ఇరుక్కున్న గాలిబుడగలో ఉంది. అప్పుడు ఎంత పెద్ద హీట్ ఎక్స్ఛేంజర్ పెట్టినా దండగ.

పంపుకి బకెట్ పరీక్ష చాలు. తిరిగి ట్యాంకులోకొచ్చే గొట్టం ఊడదీసి గుర్తు గీసిన బకెట్లో పెట్టు. ట్యాంకులోకి ఎవరైనా నీళ్ళు పోస్తూ ఉండాలి, పంపు ఒట్టిగా తిరిగితే పోతుంది. నాలుగు లీటర్లు 12 సెకన్లలో నిండితే నిమిషానికి 20 లీటర్లు, బ్రహ్మాండం. 16 సెకన్లయినా ఫరవాలేదు. 25 దాటిందంటే పంపు అరిగింది, లేదా ఎక్కడో గొట్టం మడత పడింది, లేదా వోల్టేజ్ అందట్లేదు. ఇంజన్ నడుస్తుండగా పంపు ప్లగ్గు దగ్గరే మీటర్ పెట్టి చూడు. 13 పైన ఉండాలి. ఇరవై ఏళ్ళు దాటిన బండి, ఎర్త్ వైరు తుప్పే సగం జబ్బులకి మూలం.

ఇంకా డబ్బు తీయకముందు చేయాల్సిన పని ఒకటుంది. టార్చి వేసి బంపర్ లోపలికి చూడు. మా హ్యూస్టన్ వైపు మే నెలలో, మళ్ళీ సెప్టెంబర్‌లో లవ్‌బగ్స్ అనే జంట పురుగులు మేఘాల్లా లేస్తాయి, ఒక్క ప్రయాణంలో హీట్ ఎక్స్ఛేంజర్ రేకు రెక్కల సందులన్నీ పూడుకుపోతాయి. తోటకి నీళ్ళు పెట్టే గొట్టంతో, సన్నటి ధారతో, వీలైతే వెనక నుంచి ముందుకి కడుగు. ప్రెషర్ వాషర్ పెట్టావంటే పలచటి రెక్కలు తమలపాకుల్లా వాలిపోయి దారి శాశ్వతంగా మూసుకుంటుంది. రేడియేటర్ కింద వేలాడే నల్ల ప్లాస్టిక్ పలక ఉందో లేదో కూడా చూడు. ఈ తరం మస్టాంగ్ గాలి ఎక్కువగా బంపర్ కింది నుంచి పీలుస్తుంది. ఆ పలక గాలిని పైకి తిప్పుతుంది. స్పీడ్ బ్రేకర్‌కి తగిలి ఊడిపోతే మళ్ళీ పెట్టించుకోని వాళ్ళే ఎక్కువ.

ఇవన్నీ సరిగ్గా ఉండీ నీళ్ళు దిగట్లేదంటే, అప్పుడు కొను. 14 పీఎస్‌ఐకి ఫ్యాక్టరీది నిజంగానే చిన్నది, ఆ మాట నేనూ ఒప్పుకుంటా. నా ఓటు డ్యూయల్ పాస్‌కి. సింగిల్ పాస్‌లో నీళ్ళు ఒక పక్క నుంచి అవతలి పక్కకి పోయి బయటపడతాయి. డ్యూయల్ పాస్‌లో సగం గొట్టాల్లో పోయి మిగతా సగంలో వెనక్కి వస్తాయి. వేగం రెట్టింపవుతుంది, నీళ్ళు గొట్టం గోడకి బాగా ఒరుసుకుంటూ పోయి వేడి వదులుతాయి. దానికి మూల్యమూ ఉంది. దారి రెండింతలు, వేగం రెండింతలు కాబట్టి ఆ కోర్‌లో (హీట్ ఎక్స్ఛేంజర్ లోపలి గొట్టాల భాగంలో) ఒత్తిడి నష్టం దాదాపు ఎనిమిదింతలు. నీరసించిన పాత పంపుతో డ్యూయల్ పాస్ పెడితే ఉన్న ప్రవాహం కూడా పోతుంది. అందుకే పంపు సంగతి ముందు తేల్చమన్నాను. ఆఫ్కో వాళ్ళది ఈ బండికని చేసిన డ్యూయల్ పాస్ ఉంది, ముందు దాన్ని చూడు.

మందం చూసి మురిసిపోకు. వెడల్పు, ఎత్తు పెరిగితే మంచిది, ఎందుకంటే కొత్త గాలి తగిలే ముఖం పెరుగుతుంది. మందం పెరిగితే వెనక వరసలకి అప్పటికే వేడెక్కిన గాలే అందుతుంది, పైగా వెనకున్న కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ గాలి తగ్గుతుంది. ట్రాఫిక్‌లో ఏసీ వేడిగాలి కొడితే ఇంట్లోవాళ్ళు ముందు నీ హీట్ ఎక్స్ఛేంజర్‌నే తిడతారు. ఫ్యాన్లతో వచ్చే రకం సిగ్నల్ దగ్గర, ట్రాక్ లైన్లో నిలబడ్డప్పుడు పనికొస్తుంది. వేగంలో ఉన్నప్పుడు అదే ఫ్యాన్ గాలికి అడ్డం. డాలస్ ట్రాఫిక్‌లో రోజూ తిప్పే బండికైతే ఫ్యాన్లున్నది తీసుకోవచ్చు.

బిగించేటప్పుడు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ నెగటివ్ తీసెయ్. బండి స్టాండ్ల మీద నిలబెట్టు, జాకీని నమ్మి కింద దూరకు. బంపర్ కవర్ ఫెండర్‌తో కలిసే అంచుల్లో రంగు మీద మాస్కింగ్ టేపు వేసి అప్పుడు విప్పు. పక్క నట్లు అందాలంటే హెడ్‌లైట్లూ చక్రం లోపలి లైనర్ స్క్రూలూ తీయాలి. ఇద్దరు పట్టుకుంటే కవర్ గీతలు పడకుండా వస్తుంది. పాత నీళ్ళు తెల్లటి గిన్నెలోకి దించు. నూనె జిడ్డు, తుప్పు రంగు, నలుసులు ఉన్నాయేమో కనిపించాలి. కొత్త కోర్ లోపల తయారీలో మిగిలిన రజను ఉంటుంది, బిగించకముందే రెండు వైపుల నుంచీ నీళ్ళు పట్టు. ఈ పని మానేస్తే ఆ రజను నేరుగా పంపులోకి పోతుంది.

కొత్త దానికీ కండెన్సర్‌కీ మధ్య కనీసం ఒక వేలు సందు ఉండాలి. తాకితే కొన్ని నెలల్లో ఒరుసుకుని కండెన్సర్‌కి చిల్లు పడుతుంది, ఏసీ గ్యాస్ పోతుంది. బ్రాకెట్లకి రబ్బరు బుష్‌లు పెట్టు, ఇనుముకి ఇనుము బిగిస్తే అదురుకి ట్యాంకు మూలల్లో వెల్డింగ్ విరుగుతుంది. చుట్టూ మిగిలిన సందులు ఫోమ్ పట్టీతో మూసెయ్. గాలికి కోర్‌లోంచి దూరడం కష్టం, పక్క నుంచి జారిపోవడం సుళువు. పది డాలర్ల ఫోమ్ చేసే మేలు చాలామందికి నమ్మబుద్ధి కాదు.

గొట్టాలు ముప్పావు అంగుళానివి. లోహపు పైపు చివర ఉబ్బెత్తు అంచు ఉండాలి, క్లాంప్ ఆ అంచు దాటాక కూర్చోవాలి. నున్నటి పైపు మీద ఎంత బిగించినా ఒకరోజు గొట్టం జారిపోతుంది. సిలికాన్ గొట్టమైతే లోపల పట్టీ ఉన్న క్లాంపే వాడు, గాట్లున్నది రబ్బరుని కోసేస్తుంది. పెద్ద పంపు పెడితే పాత వైరుని రిలే పని చేయించడానికి మాత్రమే వాడు. పంపు కరెంటు బ్యాటరీ నుంచి కొత్త వైరు మీద రావాలి, ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. ఎనిమిది పది ఆంప్స్ లాగే పంపుకి 15 ఆంప్స్ ఫ్యూజు సరి. పంపు ఎప్పుడూ ట్యాంకు కన్నా కింద ఉండాలి, అది తనంతట తాను నీళ్ళు పీల్చుకోలేదు.

నీళ్ళు నింపకముందే ప్రెషర్ పరీక్ష చెయ్యి. రేడియేటర్ టెస్టర్ చేతిపంపుతో 15 పీఎస్‌ఐ ఎక్కించి ఇరవై నిమిషాలు వదిలెయ్. ముల్లు దిగి బయట ఎక్కడా గాలి బుసకొట్టకపోతే లీకు మానిఫోల్డ్ లోపల ఉన్నట్టు. అది ప్రమాదం. బూస్ట్‌లో గాలి నీళ్ళలోకి తోసుకొచ్చి ట్యాంకు పొంగుతుంది, ఐడిల్‌లో వాక్యూమ్ నీళ్ళని సిలిండర్లలోకి లాగుతుంది. నీళ్ళు నిండిన సిలిండర్‌తో సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అనుమానం వస్తే స్పార్క్ ప్లగ్గులు విప్పకుండా తాళం తిప్పకు.

ఏం పోయాలంటావా, డిస్టిల్డ్ వాటర్ ఏడు పాళ్ళు, కూలెంట్ మూడు పాళ్ళు. కూలెంట్ ఎక్కువైతే నీళ్ళు మోసే వేడి తగ్గుతుంది. అలాగని ఉత్త నీళ్ళే పోస్తే చలికాలంలో గడ్డకట్టి కోర్ పగులుతుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ ఎంత గడ్డకట్టిందో తెలుసుగా. మూడు పాళ్ళతో దాదాపు మైనస్ 14 దాకా భయం లేదు, ఆ ఏడాది డాలస్‌లో పడినంత చలికి మాత్రం అది చాలదు.

ఈ మొత్తం పనిలో ఎక్కువమంది చెడగొట్టేది చివరి మెట్టే, గాలి తీయడం. ముందు చక్రాలని ఇరవై సెంటీమీటర్లు లేపి ట్యాంకు మూత అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా చూడు. మెల్లగా పోస్తూ గొట్టాలని ఆవు పొదుగులా పిండుతూ ఉండు. పంపు ఆన్ చేసి పదిహేను నిమిషాలు తిప్పు, గరగర శబ్దం పోయి సన్నటి హోరు మిగలాలి. బుడగలు ఆగేదాకా మూత పెట్టకు. వాక్యూమ్ ఫిల్లర్ అద్దెకి దొరికితే ఇంకా మేలు. ముందు గాలి లాగేసి, ముల్లు ఐదు నిమిషాలు కదలకపోతే నీళ్ళు వదులు, అదే పీల్చుకుంటుంది. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూసి తగ్గినంత పొయ్యి.

ఐస్ సంగతి అడిగావు. ఎన్నిస్‌లో టెక్సస్ మోటార్‌ప్లెక్స్ డ్రాగ్ రేసు ట్రాక్‌కి పోయే రోజు మాత్రం పనికొస్తుంది. డిక్కీలో పెద్ద ట్యాంకు పెట్టి ఐదు కిలోల ఐస్ వేస్తే, అది కరగడానికే పైన చెప్పిన లెక్కలో మూడున్నర పరుగుల వేడి తాగేస్తుంది. కానీ అప్పుడు హీట్ ఎక్స్ఛేంజర్‌ని వాల్వుతో తప్పించాలి. లేకపోతే సున్నా డిగ్రీల నీళ్ళు 38 డిగ్రీల గాలిలో తిరిగి ఉచితంగా వేడెక్కుతాయి. కూలెంట్‌లోని గ్లైకాల్ కారితే ట్రాక్ జారుతుంది కాబట్టి ఆ రోజుకి ఉత్త నీళ్ళే పోసుకో, ఇంటికొచ్చాక మర్చిపోకుండా మార్చు.

వచ్చే ఆదివారం లోపు నాకు నాలుగు అంకెలు పంపు: బయటి వేడి, రెండు నీళ్ళ వేడులు, ఐఏటీ2. బకెట్ నిండిన సెకన్లు కూడా. అవి చూశాక ఫోన్లో మాట్లాడుకుందాం.

నీ
రవి

తా.క. మార్చినా పాత హీట్ ఎక్స్ఛేంజర్ పారేయకు. బ్లోయర్‌తో కోబ్రా వచ్చింది 2003, 2004 రెండేళ్ళే. అమ్మేటప్పుడు ఒరిజినల్ సామాను ఉందా అని తప్పకుండా అడుగుతారు. రెండు మూతులకీ టేపు వేసి అటక మీద పెట్టు.