ప్రోగ్రామింగ్ పరీక్ష కాగితంపైనేనా?

సంపాదకులు గారికి,

నమస్కారం. చాలా ఏళ్లు జమాఖర్చుల పద్దులు రాసిన తరువాత ఈ మధ్యనే మళ్ళీ విద్యార్థినై, సమాచారాన్నీ, దానిమీద చేసే పనులనూ కలిపి 'ఆబ్జెక్టు'లుగా మలిచి ప్రోగ్రాములు రాసే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ పద్ధతిలో తొలి కోర్సు పూర్తిచేశాను. మార్కులు బాగానే వచ్చాయి. అవి వచ్చిన తీరు చూశాకే ఈ లేఖ రాయాలనిపించింది. మూడు గంటల పరీక్షలో నేను కాగితం మీద రాసిన ప్రోగ్రాములు నడుస్తాయో లేదో నాకూ తెలియదు, దిద్దినవారికీ తెలిసే అవకాశం లేదు.

ఎన్‌క్యాప్సులేషన్ (లోపలి వివరాలను బయటివారు తాకకుండా దాచడం), ఇన్‌హెరిటెన్స్ (ఉన్నదాని లక్షణాలను కొత్తదానికి వారసత్వంగా ఇవ్వడం), పాలిమార్ఫిజం (ఒకే ఆదేశానికి ఒక్కో ఆబ్జెక్టు ఒక్కోలా స్పందించడం), అబ్‌స్ట్రాక్షన్ (అవసరమైనదే చూపడం) అనే నాలుగింటినీ ఈ పద్ధతికి నాలుగు స్తంభాలుగా చెబుతారు. ఒక్కోదానికీ ఒక నిర్వచనం, ఒక బొమ్మ, జంతువు నుంచి కుక్క, కుక్క నుంచి మొరగడం అనే ఉదాహరణ, చివర రెండు ప్రయోజనాలు రాస్తే ప్రశ్నకు కేటాయించిన మార్కులు దాదాపు అన్నీ పడతాయని తరగతిలో అందరికీ తెలుసు. అందుకే పరీక్షల ముందు వారం ల్యాబ్ ఖాళీగా ఉంటుంది, నోట్సు జిరాక్సులు మాత్రం చేతులు మారుతుంటాయి.

నిజానికి ఈ విషయం నాకు అర్థమైంది ల్యాబ్‌లోనే. ఒకరోజు నా పక్కన కూర్చున్న అమ్మాయి 'ఖాతా' అనే క్లాసు (ఆబ్జెక్టులు తయారుచేసే నమూనా) రాసి, 'ఎ' అనే ఖాతాలో వెయ్యి జమ చేసి, దానికి నకలు కావాలనుకుని బి ఈజ్ ఈక్వల్ టు ఎ అని ఒక వరుస చేర్చింది. 'బి' నుంచి మూడు వందలు తీసి 'ఎ' నిల్వ చూస్తే తెరమీద ఏడు వందలు కనిపించింది. తాకని ఖాతాలో డబ్బు ఎలా తగ్గిందో ఇద్దరికీ అంతుపట్టలేదు. (పద్దుల్లో ఇలాంటి తేడా కనబడితే నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.) మేడమ్ వచ్చి, బోర్డు మీద ఒకే ఒక పెట్టె గీసి, 'ఎ' నుంచీ 'బి' నుంచీ దానిమీదికే చెరొక బాణం వేశారు; అలా చూపేదాన్నే రిఫరెన్స్ అంటారు. నకలు తయారు కానేలేదు, ఉన్న ఒక్క ఆబ్జెక్టుకే రెండో పేరు పెట్టామని అప్పుడు తెలిసింది. ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నదానికి ప్రశ్నపత్రంలో ఎక్కడా చోటు లేదు. 'రిఫరెన్స్ అనగానేమి?' అన్న రెండు మార్కుల ప్రశ్న మాత్రం ఉంది.

ఇన్‌హెరిటెన్స్ సంగతీ అంతే. చతురస్రం కూడా ఒక దీర్ఘచతురస్రమే కాబట్టి దీర్ఘచతురస్రం క్లాసు నుంచి చతురస్రం క్లాసును తీసుకోవచ్చని రాస్తే మార్కులు వస్తాయి. అదే నడిపి చూస్తే, పొడవు 5, వెడల్పు 4 ఇచ్చిన చోట వైశాల్యం 20కి బదులు 16 వస్తుంది. భుజాలు సమానంగా ఉండాలి గనుక వెడల్పు మార్చగానే పొడవు కూడా 4 అయిపోతుంది. తల్లి క్లాసు మీద పెట్టుకున్న నమ్మకాన్ని పిల్ల క్లాసు చెడగొట్టకూడదన్న ఈ విషయాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లోనే ఒక ప్రసంగంలో చర్చించారు. కాగితం మీద ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు.

అసలు ఈ పద్ధతి పుట్టిందే దేన్నైనా నడిపి చూడటం కోసం. 1960లలో నార్వేలో ఓలె యోహాన్ దాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే ఇద్దరు వాస్తవ ప్రపంచంలోని ప్రక్రియలను కంప్యూటర్‌లో అనుకరించి చూడటానికి సిమ్యులా భాషను రూపొందించారు. క్లాసు, ఆబ్జెక్టు, ఇన్‌హెరిటెన్స్ అనే భావనలు సిమ్యులా 67లోనే ఉన్నాయి. మా కోర్సులో ఆ ఇద్దరి పేర్లూ ఖాళీలు పూరించే ప్రశ్నలకు పనికొచ్చాయి.

మొదటి రోజే జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో, ప్రోగ్రాం ఎక్కడ మొదలవుతుందో చెప్పే 'పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్' అనే వరుస రాయించి, 'ఇది ఇప్పటికి ఇలాగే రాయండి, అర్థం తరువాత తెలుస్తుంది' అన్నారు. అది ఉపాధ్యాయుల తప్పు కాదు, భాషే అలా ఉండేది. 1995లో వచ్చిన ఆ భాష నిర్వాహకులే 2025లో విడుదలైన జావా 25లో, చిన్న ప్రోగ్రాములకు ఆ తంతు అక్కరలేకుండా చేశారు. మా పాఠ్యప్రణాళికకు ఆ కబురు ఇంకా అందలేదు.

కంప్యూటర్ మీద పరీక్ష పెడితే కాపీలు పెరుగుతాయనీ, అందరికీ యంత్రాలు సరిపోవనీ అంటారు. రెండోది నిజమైన ఇబ్బందే, విడతలవారీగా పెట్టక తప్పదు. మొదటిదానికి ఇంటర్నెట్ ఆపేస్తే సరిపోతుంది. కాగితం పూర్తిగా పోవాలని కూడా నేననను. ఒక ప్రోగ్రాం అచ్చువేసి ఇచ్చి, అది ఏం చూపిస్తుందో చెప్పమంటే కాగితమే మేలు, అందులో బట్టీ పనిచేయదు.

పాఠ్యప్రణాళికలు రూపొందించేవారిని నేను కోరేదొక్కటే. సగం మార్కులను, ఇతరులెవరో రాసిన రెండు మూడు వందల వరుసల ప్రోగ్రాంను విద్యార్థి చేతికిచ్చి, అందులో ఇంకో రకం ఖాతానో, ఇంకో రకం ఆకారాన్నో చేర్చి నడిపించమనే పరీక్షకు కేటాయించాలి. ఇరవై వరుసల ప్రోగ్రాంకు క్లాసులతో పనే లేదు, అక్కడ అవి అలంకారం మాత్రమే. ఉన్నదాన్ని చెడగొట్టకుండా కొత్తది చేర్చవలసి వచ్చినప్పుడే వాటి అవసరం తెలుస్తుంది. అడిగితే చాలు కోడ్ రాసిపెట్టే సాధనాలు ప్రతి విద్యార్థి ఫోనులోనూ ఉన్న ఈ రోజుల్లో, ఇతరులు రాసినదాన్ని చదివి సరిదిద్దగలగడం మునుపటికన్నా ఎక్కువ అవసరం. వచ్చే విద్యాసంవత్సరం ప్రశ్నపత్రాలు తయారుచేసే ముందే ఈ మార్పును పరిశీలించవలసిందిగా మీ పత్రిక ద్వారా సంబంధిత అధికారులకు విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు