ఊరికే మార్చిన బేరింగు, మన షాపులో కొత్త పద్ధతి

మన షాపుకి వచ్చే అందరికీ నమస్కారం.

ఈ మధ్య ఒక కారు విషయంలో నేను పొరపాటు చేశాను. ఆ కస్టమరుకి డబ్బులు తిరిగిచ్చేశాను. కానీ తర్వాత రిజిస్టరు తిరగేస్తే, అలాంటి పొరపాటు ఆ ఒక్క కారుతో ఆగలేదేమోనని అనుమానం వచ్చింది. అందుకే మీ అందరికీ ఇది రాస్తున్నాను.

టెక్కలి నుంచి ఒక మాస్టారు వస్తారు. కారు కొన్నప్పటి నుంచీ సర్వీసు మన దగ్గరే. కిందటి నెల వచ్చి, "బాబూ, ఎనభై వరకూ బాగానే ఉంటోంది. అది దాటితే స్టీరింగు చేతుల్లో ఒణుకుతోంది. దాంతోపాటు ఏటో గుయ్‌మని మోత. టౌన్లో తిరిగితే ఏటీ లేదు" అన్నారు.

హైవే స్పీడులో స్టీరింగ్ వణికితే ఎవరైనా మొదట చూసేది వీల్ బ్యాలెన్సింగే, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా ఉందా లేదా అని. అందులో తప్పు లేదు. చక్రానికి ఒక పక్క 30 గ్రాములు ఎక్కువైతే ఏమవుతుందో చెప్తాను. 15 అంగుళాల రిమ్ము ఉన్న మామూలు కారు 90 స్పీడులో వెళ్తుంటే చక్రం సెకనుకి దాదాపు 13 చుట్లు తిరుగుతుంది. ఆ 30 గ్రాములే అప్పుడు చక్రాన్ని నాలుగు కిలోల బరువు గుంజినట్టు గుంజుతాయి, అదీ చుట్టు చుట్టుకీ. స్పీడు సగానికి తగ్గితే ఆ గుంజుడు సగానికి కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. టౌన్లో తెలియనిది అందుకే. పైగా చాలా కార్లలో చక్రం, సస్పెన్షన్ కలిసి సహజంగా ఊగే ఊపు కూడా సెకనుకి 10 నుంచి 15 సార్లే. ఆ రెండూ ఒకచోట కలిసినప్పుడు వణుకు పెద్దదవుతుంది. కొన్ని కార్లు 90 దగ్గర వణికి, ఇంకాస్త తొక్కితే సర్దుకున్నట్టు అనిపిస్తాయి. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. దయచేసి స్పీడు పెంచి దాన్ని దాటేయకండి.

మాస్టారి కారుకి నాలుగు చక్రాలూ బ్యాలెన్స్ చేశాం. మిషన్ మీద రెండు వైపులా సున్నా చూపించింది. డబ్బులు తీసుకుని పంపించాను. మడపాం టోల్‌గేటు దగ్గర ఆపి ఫోన్ చేశారు, "తగ్గలేదు బాబూ" అని.

రెండోసారి వచ్చిన రోజు షాపులో కార్లు నిండిపోయి ఉన్నాయి. మోత అన్నారు కదా అని కారు ఎత్తి, ముందు ఎడమ చక్రం చేత్తో తిప్పి చూశాను. కొంచెం గరగరలాడినట్టు అనిపించింది. చక్రాన్ని నున్నగా తిరగనిచ్చే బేరింగు పోయింది అనేశాను. బేరింగు మార్చి, పనిలో పనిగా చక్రాలు సూటిగా నిలిపే అలైన్‌మెంట్ కూడా చేశాం. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైరు ఓరగా అరుగుతుంది. స్టీరింగ్ వణకడానికి అది నేరుగా కారణం కాదు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ చేశాను, బిల్లులో కలిపాను. రెండూ కలిపి 2,850 రూపాయలు.

మూడోసారి వచ్చినప్పుడు ఆయన కోప్పడలేదు. "ఒకసారి నాతో కూర్చుని రా బాబూ, నువ్వే వినుదువు గాని" అన్నారు. అది నేను మొదటి రోజే చేయాల్సిన పని.

పొద్దున్నే ఆరింటికి కుశాలపురం దగ్గర హైవే ఎక్కి ఎచ్చెర్ల మీదుగా చిలకపాలెం వైపు వెళ్లాం. మాస్టారు డ్రైవింగు, నేను పక్క సీటు. 85 దగ్గర వణుకు మొదలైంది. 92 దగ్గర గేరు న్యూట్రల్‌లోకి తెమ్మన్నాను. ఇంజన్ చప్పుడు పడిపోయింది, వణుకూ మోతా మాత్రం అలాగే ఉన్నాయి. అంటే ఇంజన్ కాదు, గేర్‌బాక్స్ కాదు. ఇంజన్ బలాన్ని చక్రాలకి అందించే డ్రైవ్ షాఫ్టులో లోపలి జాయింటు పోయినా బండి వణుకుతుంది, కానీ యాక్సిలేటర్ తొక్కినప్పుడు ఎక్కువై కాలు తీస్తే తగ్గుతుంది. కనుక అదీ కాదు. వెనకా ముందూ బండ్లు లేని చోట స్టీరింగు కొద్దిగా ఎడమకి, కొద్దిగా కుడికి తిప్పమన్నాను. బేరింగు పోతే, ఎడమకి తిప్పినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడి కుడి బేరింగు మోత పెరుగుతుంది, కుడికి తిప్పితే ఎడమది. ఇక్కడ రెండు వైపులా తేడా రాలేదు. నేను మార్చిన బేరింగు ఊరికే మార్చానని ఆ క్షణంలోనే అర్థమైంది. మరికొంచెం ముందుకెళ్లాక కొత్తగా తారు వేసిన ముక్క వచ్చింది. దాని మీదికి ఎక్కగానే మోత గొంతు మారింది. బేరింగు మోతకి రోడ్డుతో పని లేదు. రోడ్డు మారితే మారే మోత టైరుది.

షాపుకి వచ్చి ముందు చక్రాలు రెండూ జాకీ మీద ఎత్తాం. టైరు పక్కన కదలకుండా ఒక స్టాండు పెట్టి, దాని మీద స్క్రూడ్రైవరు ఆన్చి, మొన టైరుకి తగలీ తగలనట్టు ఉంచాను. చక్రం నెమ్మదిగా తిప్పాం. ఎడమది సమంగా తిరిగింది. కుడిది ముప్పావు చుట్టు బాగానే వచ్చి, ఒకచోట స్క్రూడ్రైవరు మొనకి టక్కున తగిలింది. అక్కడ అరచెయ్యి పెట్టి తడిమాను. అరచెయ్యంత మేర రబ్బరు సన్నగా పైకి లేచి ఉంది. కంటికి కనిపించడమే కష్టం, చేతికి మాత్రం అరటిపండు తొక్క కింద పండు కదిలినట్టు తెలుస్తోంది. లోపల స్టీలు తీగల బెల్టు రబ్బరు నుంచి విడిపోతోంది.

మరి బ్యాలెన్సింగ్ మిషన్ సున్నా ఎందుకు చూపించింది? మిషన్ చక్రాన్ని గాలిలో తిప్పుతుంది. ఏ పక్క బరువు ఎక్కువుందో చెప్తుంది, అంతే. టైరు గుండ్రంగా ఉందా, మూడు నాలుగు వందల కిలోల బరువు మీద పడ్డప్పుడు ఎలా నలుగుతుంది అనేది దానికి తెలియదు. ఉబ్బుకి ఎదురుగా ఒక వెయిటు అంటిస్తే గాలిలో లెక్క సరిపోతుంది. రోడ్డు మీద ఆ ఉబ్బు మాత్రం ప్రతి చుట్టులోనూ నేలని కొడుతూనే ఉంటుంది.

నాకు చెమటలు పట్టింది ఇందుకు కాదు. బెల్టు విడిపోతున్న టైరు ఎండ వేడికి, స్పీడుకి ఎప్పుడైనా పైపొర మొత్తం ఊడదీసుకోవచ్చు, లేదా పేలిపోవచ్చు. ముందు చక్రం అలా పోతే బండి చేతిలో ఉండదు. నేను బ్యాలెన్సింగ్ చేసి "బాగుంది మాస్టారూ" అని పంపిన తర్వాత ఆయన మనవలతో విశాఖ వెళ్లొచ్చారు. ఆ మాట ఆయన మామూలుగానే చెప్పారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

స్టెప్నీ వేసి మళ్లీ రోడ్డెక్కాం. వణుకు లేదు, మోత లేదు. బేరింగు, అలైన్‌మెంట్ డబ్బులు మొత్తం తిరిగిచ్చాను. కొత్త టైర్లు ఎక్కడ కొనాలో ఆయన ఇష్టానికే వదిలి, బిగింపుకి డబ్బులు తీసుకోలేదు.

ఇక నుంచి వణుకు, మోత అని ఎవరు వచ్చినా ముందు రోడ్డు టెస్టు. మీరే నడపాలి, నేనో మా పెద్ద మేస్త్రో పక్కన కూర్చుంటాం. ఆదివారం తప్ప రోజూ పొద్దున 6 నుంచి 8 వరకు, హైవే కాస్త ఖాళీగా ఉండే వేళ. 100 దాటనివ్వం. దీనికి 200 రూపాయలు తీసుకుంటాం, పని మన దగ్గరే చేయిస్తే బిల్లులో తగ్గిస్తాం. టెస్టు అయ్యాక ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి ఇంకోసారి తిప్పుతాం. స్టీరింగులో ఉన్న వణుకు సీటు కిందికి మారితే జబ్బు చక్రంలోనే ఉన్నట్టు. ఒక్క పార్టు కొనకుండా తెలిసిపోతుంది. మేం చెప్పి మార్పించిన పార్టుతో కంప్లయింటు పోకపోతే లేబరు ఖర్చు మాదే, పాత పార్టు మీ చేతికే ఇస్తాం.

మీరు కూడా వచ్చే ముందు కొంచెం గమనించండి. వణుకు స్టీరింగులోనా, సీటులోనా? బ్రేకు తొక్కినప్పుడే వస్తుంటే అది చాలావరకు బ్రేకు డిస్కు సంగతి, కథ వేరు. టైరు పక్కన తయారీ నంబరులో చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైంది అని. గాలి తక్కువతో ఎక్కువ దూరాలు తిప్పిన టైర్లు, పాతబడ్డవి, గోతిలో గట్టిగా దిగినవి లోపల దెబ్బ తిని ఉండొచ్చు. వారానికోసారి బండి ఆగి ఉన్నప్పుడు టైరు మీద చెయ్యి వేసి తడమండి, తీగలు బయటికొచ్చి ఉంటే గుచ్చుకుంటాయి, జాగ్రత్త.

మన జిల్లాలో ఇంకో రెండు ఎక్కువగా చూస్తుంటాను. హైదరాబాదు, చెన్నై వెళ్లినవాళ్ల కార్లు నెలల తరబడి ఇంటి ముందు కదలకుండా ఉంటాయి. సంక్రాంతికి తీస్తే నేలకి ఆనిన చోట టైరు చదునై దడదడమంటుంది. ఓ అరగంట మెల్లగా నడిపితే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ పోకపోతే తీసుకురండి. రెండోది వానాకాలం పొలం గట్ల మీద తిరిగొచ్చిన బండ్లు. రిమ్ము లోపలి వైపు బురద గడ్డకట్టి ఉంటుంది, ఆ బరువుకే చక్రం వణుకుతుంది. నీళ్ల పైపు పెట్టి కడిగితే పోయేదానికి మా దగ్గర బ్యాలెన్సింగ్ డబ్బులు కట్టక్కర్లేదు.

ఈ ఏడాది ఇదే కంప్లయింటుతో వచ్చి, బేరింగో అలైన్‌మెంటో చేయించుకుని వెళ్లిన కార్లు రిజిస్టరులో ఏడు కనిపించాయి. అయిదుగురికి ఫోన్ చేశాను. ముగ్గురివి బాగానే ఉన్నాయట, ఇద్దరు ఈ వారం వస్తున్నారు, వాళ్లకి రోడ్డు టెస్టు ఉచితం. మిగిలిన ఇద్దరి నంబర్లు పనిచేయడం లేదు. ఒకరు మార్చిలో ఆమదాలవలస నుంచి తెల్ల హ్యాచ్‌బ్యాక్‌లో వచ్చారు, వెనక అద్దం మీద అరసవల్లి సూర్యనారాయణ స్వామి బొమ్మ ఉంది. ఇంకొకరు జూన్‌లో రణస్థలం నుంచి, బూడిద రంగు డీజిల్ కారు, కుడి వైపు బేరింగు మార్చాం. ఇది మీ కంట పడితే, మీకు తెలిసినవాళ్లయితే వాళ్లకి చెప్పండి. కారు బాగానే ఉందనిపించినా సరే, ఒకసారి తీసుకురండి. టైర్లు నేనే చూస్తాను.