వాళ్లకి పెట్టే భోజనం ఎవరి లెక్కలోది?

చిరంజీవి శ్రీనుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట మీద రాస్తున్నాను. మన షెడ్డులో పనిచేసే ఒడిశా కుర్రాళ్లకి వెనక గది ఇచ్చాం, రెండు పూటలా భోజనం పెడుతున్నాం, పైన చేతికి ఎంతో కొంత ఇస్తున్నాం, ఇంకేం కావాలి నాన్నా అన్నావు. ఫోన్లో వాదిస్తే నీకు కోపం, నాకు బీపీ.

నువ్వు చిన్నప్పుడు నన్ను ఫ్యాక్టరీలో సస్పెండ్ చేశారు, గేటు మీటింగ్‌లో మాట్లాడానని. సస్పెన్షన్‌లో ఉన్నవాడికి జీతం రాదు, సబ్‌సిస్టెన్స్ అలవెన్స్, అంటే పొట్ట గడవడానికిచ్చే భత్యం వస్తుంది. స్టాండింగ్ ఆర్డర్ల చట్టానికి, అంటే ఫ్యాక్టరీ ఉద్యోగ నిబంధనల చట్టానికి, 1982లో చేసిన సవరణ అది. మొదటి 90 రోజులు జీతంలో సగం ఇస్తారు. ఆ తర్వాత కూడా విచారణ తేలకపోతే, ఆలస్యానికి కార్మికుడు కారణం కాకపోతే, ముప్పావు వంతు ఇవ్వాలి. ఆ సగం జీతంతో మనింట్లో పొయ్యి ఏ రోజూ ఆరలేదు. బియ్యం, పప్పు, ఇంటద్దె గడిచాయి. నీ ట్యూషన్ మాన్పించాం. తాతయ్య కంటి ఆపరేషన్ వాయిదా వేశాం. చీటీ కట్టలేక మధ్యలో వదిలేశాం. మీ పిన్ని పెళ్లికి అమ్మ ఒక్కతే వెళ్లింది, చదివింపులు కూడా లేకుండా. ఆ సంగతి మీ పిన్ని ఇప్పటికీ ఎత్తుతుంది, వేరే విషయం.

అయినా ఆ అలవెన్స్ ఉద్దేశం అంతవరకే. విచారణ తేలేదాకా మనిషి ప్రాణంతో ఉండాలి, తన వాదన వినిపించుకునే ఓపిక ఉండాలి. కోలార్ బంగారు గనుల్లో సస్పెండ్ అయిన ఒక సెక్యూరిటీ ఆఫీసర్‌కి అదీ ఇవ్వలేదు. చేతిలో డబ్బు లేక ఆయన సొంతూరు కేరళ నుంచి విచారణకి రాలేకపోయాడు. ఆయన లేకుండానే విచారణ ముగించి ఉద్యోగం తీసేశారు. 1999లో సుప్రీంకోర్టు అది చెల్లదంది.

నువ్వు ఆ కుర్రాళ్లకి ఇస్తున్నదీ దాదాపు అలాంటిదే. తేడా ఏంటంటే, వాళ్లు సస్పెన్షన్‌లో లేరు. రోజంతా నీ మెషీన్ల మీద నిలబడి పని చేస్తున్నారు.

కనీస వేతనం అంటే పొట్టకూటికి సరిపడా అని చాలామంది యజమానులు అనుకుంటారు. న్యాయమైన వేతనం ఎంతో తేల్చడానికి ప్రభుత్వం 1948లో వేసిన ఫెయిర్ వేజెస్ కమిటీయే అది కాదని చెప్పింది. ప్రాణం నిలిస్తే చాలదు, పనిచేసే సత్తువ నిలవాలి, కాస్త చదువుకీ వైద్యానికీ అందులోనే రావాలి అంది. 1957లో ప్రభుత్వం, యజమానులు, యూనియన్లు కలిసి కూర్చున్న 15వ ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ దీనికి లెక్క కట్టింది. పెద్దమనిషికి రోజుకి 2700 క్యాలరీల తిండి, మనిషికి ఏడాదికి 18 గజాల గుడ్డ, వీటికి తోడు ఇంటద్దె. వంటచెరకు, దీపం వగైరాలకి మొత్తం వేతనంలో 20 శాతం. 18 గజాలంటే మూడు చీరలు. జాకెట్టు గుడ్డ ఎందులోంచి రావాలో రాసినవాళ్లని మీ అమ్మ అడగాలి. 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండగలు, పెళ్లిళ్లు, ముసలితనం కోసం ఇంకో 25 శాతం కలపమంది. మనింట్లో ఆ రోజుల్లో ఆగిపోయినవన్నీ ఆ 25 శాతంలో ఉన్నవే.

నువ్వు చూడాల్సింది ఇంకొకటుంది. 1957 లెక్కలో తినేది ఒక్క మనిషి కాదు. సంపాదించేవాడు, భార్య, ఇద్దరు పిల్లలు కలిపి మూడు యూనిట్లుగా, అంటే ముగ్గురు పెద్దవాళ్ల తిండి కింద కట్టారు. నువ్వు రెండు పూటలా పెడుతున్నది అందులో ఒక యూనిట్‌కి. మిగతా రెండూ ఒడిశాలో ఉన్నాయి. నువ్వు పెట్టే పప్పన్నం, నువ్వు చూపించిన గది అక్కడిదాకా వెళ్లవు కదా. వెళ్లేది నెలాఖరున ఫోన్‌పేలో కొట్టే డబ్బొక్కటే, నువ్వు కోసేదీ అదే.

భోజనం, గది ఖర్చు పోను ఇస్తున్నానంటావు. అలా నీ ఇష్టమొచ్చినట్టు కోయడం కుదరదు. 2025 నవంబర్‌ దాకా అమల్లో ఉన్న 1948 కనీస వేతనాల చట్టమే వేతనం డబ్బుగా ఇవ్వమంది. సరుకు రూపంలో ఇవ్వాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలంది. 1983లో రాజస్థాన్ కరువు పనుల కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకి పని చేయించుకుంటే, అది కరువు సాయమైనా సరే, వెట్టిచాకిరీ కిందికే వస్తుందంది.

మార్జిన్ లేదంటావు, నిజమే. ఆర్డర్లిచ్చే కంపెనీ మూడు నెలలకి గానీ బిల్లు పాస్ చేయదని నాకూ తెలుసు. ఆ టెన్షన్ నీదే, కాదనను. దానికి రేటు పెంచమని వాళ్లని అడగాలి. అడగడానికి మొహమాటం అయితే కొటేషన్‌లో లేబర్ ఖర్చు విడిగా చూపించు, అడిగినట్టే ఉంటుంది. కుర్రాళ్ల భోజనం మాత్రం మానేయొద్దు. దాన్ని వేతనంలో కలపకుండా విడిగా పెట్టుకో.

నీ అకౌంటెంట్ దగ్గరున్న రేట్ల షీట్ ఎప్పటిదో అడుగు. ఏటా ఏప్రిల్ 1కి ఒకసారి, అక్టోబర్ 1కి ఒకసారి వీడీఏ, అంటే ధరల్ని బట్టి కనీస వేతనంలో కలిపే కరువు భత్యం, మారుతుంది. పాత షీటైతే కొత్తది తెప్పించి నాకు వాట్సాప్‌లో పంపు, కళ్లద్దాలు పెట్టుకుని నేనూ చూస్తాను.

మీ నాన్న