సాఫ్ట్‌వేర్ కొనేముందు మనకేం కావాలో రాసుకుందాం

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. మన బడి ఫీజులు, హాజరు, మార్కులు చూసుకునే సాఫ్ట్‌వేర్ కొనాలనుకుంటున్నాం కదా, దాని గురించి శనివారం భోజనాలయ్యాక స్టాఫ్‌రూమ్‌లో కూర్చుందాం. కంపెనీవాళ్ల డెమోకు ముందే మన అవసరాలు కాగితం మీద ఉండాలి. నేను ఇంతకుముందు పనిచేసిన బడిలో డెమో చూసి కొనేశారు. తీరా చూస్తే ఫీజు విడతలుగా తీసుకునే వీలే అందులో లేదు. ఏడాదంతా క్లర్కు రసీదు పుస్తకమే వాడాడు.

అన్నిటికంటే ముందు పేర్లు. నిన్న ఆరో తరగతి రికార్డులు తిరగేశాను. ఒకే పాప పేరు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, హాజరు పట్టీలో మరోలా ఉంది. రేపు టెన్త్ మెమోలో తప్పు పడితే ఆ తల్లిదండ్రులు ఆఫీసుల చుట్టూ తిరగాలి. పేరు, ప్రతి విద్యార్థికీ విడిగా ఇచ్చే 12 అంకెల అపార్ గుర్తింపు నంబరు ఒక్కచోట ఎక్కిస్తే అంతటా అదే రావాలి. మార్చే అధికారం ఒక్కరికే ఉండాలి.

ఏడాదిలో పెట్టే నాలుగు ఎఫ్‌ఏలు (చిన్న పరీక్షలు), రెండు ఎస్‌ఏల (పెద్ద పరీక్షలు) మార్కులు అందులో పట్టాలి. మెసేజ్‌లు తెలుగులో, ఉర్దూలో వెళ్లాలి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి, ఆ ఫారం కూడా అందులోనే ఉండాలి. మనం ఆ సాఫ్ట్‌వేర్ వాడటం మానేసినా డేటా మన చేతికి రావాలి.

మీటింగ్‌కు బస్సు ఆయమ్మను కూడా పిలుద్దాం. కాజీపేట రూట్‌లో ఎవరు ఎక్కడ దిగుతారో ఆమెకు తెలిసినంత మనకు తెలియదు. మీకు రోజూ ఇబ్బంది పెట్టే పని ఒక్కటైనా శుక్రవారం రాత్రికల్లా ఇక్కడ రాయండి.